జూదం పాపమని బైబిల్లో ఎక్కడుంది? బావను ఒప్పించడానికి వచనం వెతుకుతున్నవారికి నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ అక్క భర్త మొదట ఫోన్లో డబ్బు పెట్టి రమ్మీ ఆడేవారు. ఇప్పుడు క్రికెట్ బెట్టింగ్ యాప్‌లోకి వెళ్లారు. ఆదివారం భోజనాల దగ్గర మీరు "జూదం పాపం బావా" అంటే, "ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం? చూపించు, ఈ రోజే మానేస్తా" అన్నారు. సండే స్కూల్లో పాఠాలు చెప్పే మీరు అక్కడ ఏమీ చూపించలేకపోయారు. ఇప్పుడు ఆయన నోరు మూయించే వచనం ఒకటి కావాలంటున్నారు.

సూటిగా చెబుతాను. "జూదమాడకూడదు" అని నేరుగా చెప్పే వచనం బైబిల్లో లేదు. పది ఆజ్ఞల్లో లేదు, సువార్తల్లో లేదు, అపొస్తలులు సంఘాలకు రాసిన పత్రికల్లోనూ (ఉత్తరాల్లోనూ) లేదు. ఆ ఒక్క మాట వరకు మీ బావగారిదే కరెక్ట్. ముందు మీరే వెళ్లి "నువ్వన్నది నిజమే బావా, అలాంటి వచనం లేదు" అని ఒప్పుకోండి. అయితే ఆయన చేస్తున్నది తప్పని చెప్పడానికి బైబిల్లో కావలసినంత ఉంది. డబ్బు గురించి, పొరుగువాడి గురించి, ఇంటి బాధ్యత గురించి చెప్పిన చోట్లన్నీ కలిపి చదవాలి. దానికి ఓపిక కావాలి. భోజనాల దగ్గర ఒక్క దెబ్బకు తేలే సంగతి కాదు.

నేను సంఘ కాపరిగా కృష్ణా, గుంటూరు వైపు పనిచేశాను. పేకాట క్లబ్బులు, సంక్రాంతి బరులు, ఇప్పుడు ఫోన్లు, ఈ మూడు కాలాల వాళ్లతోనూ మాట్లాడాను. వాళ్లలో ఎక్కువమంది సంఘానికి దూరమైంది ఆట వల్ల కాదు. మనవాళ్లు ఆట మీద చెప్పిన అబద్ధాలు బయటపడినందువల్ల. అందుకే ముందు ఏం చెప్పకూడదో రాస్తాను.

మొదటిది, సిలువ దగ్గర సైనికుల కథ. "వాళ్లు ప్రభువు అంగీ కోసం చీట్లు వేశారు, కాబట్టి జూదం సైతాను పని" అని ప్రసంగాల్లో తరచూ వింటాం. యోహాను సువార్త 19వ అధ్యాయంలో ఆ సంఘటన ఉంది, నిజమే. కానీ అపొస్తలుల కార్యములు 1:26లో అపొస్తలులే చీట్లు వేసి మత్తీయను ఎన్నుకున్నారు. యెహోషువ షిలోహులో చీట్లు వేసే గోత్రాలకు భూములు పంచాడు. చీట్లు ఒడిలో వేసినా తీర్పు యెహోవాదేనని సామెతలు 16:33 చెబుతోంది. బైబిలు కాస్త చదివిన బావ అయితే ఇవన్నీ మీ ముందు పెడతాడు. అప్పుడు మీరు అటు వైపు తప్పును కూడా చూపించగలగాలి. ఆ చీట్లలో ఎవరూ సొమ్ము ఒడ్డలేదు, ఎవరూ పోగొట్టుకోలేదు. కాబట్టి వాటితో జూదాన్ని ఖండించనూలేం, సమర్థించనూలేం.

బైబిల్లో అసలైన పందెం కావాలంటే న్యాయాధిపతులు 14 తీయండి. సమ్సోను తన పెళ్లి విందులో విప్పుడు కథ (పొడుపు కథ) వేసి, 30 సన్నపు నారబట్టలు, 30 దుస్తులు పందెం కాశాడు. అవతలివాళ్లు అతని భార్యను బెదిరించి జవాబు రాబట్టారు. ఓడిన బాకీ తీర్చడానికి ఇతను అష్కెలోను వెళ్లి 30 మందిని చంపి వాళ్ల బట్టలు తెచ్చిచ్చాడు. పందేనికీ బాకీకీ ఏ సంబంధమూ లేని 30 మంది! ఇందులో ఆజ్ఞ ఏదీ లేదు, కథ మాత్రమే ఉంది. అయినా పందెం బాకీ ఎవరి నెత్తిన పడుతుందో ఇంత స్పష్టంగా చెప్పిన చోటు ఇంకొకటి నాకు తెలియదు. మీ బావగారితో కలిసి చదవడానికి మాత్రం ఇది మంచి అధ్యాయం. చదివి ఊరుకోండి, వ్యాఖ్యానం చెప్పకండి.

రెండోది, "జూదమాడినవాడెవడూ బాగుపడలేదు" అనే మాట. ఇది నిజం కాదు. వంద రూపాయలు పెట్టి పోగొట్టుకుని, మళ్లీ ఆ జోలికి పోనివాళ్లు బోలెడుమంది ఉన్నారు. గెలిచినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన ఒకతను పందెం డబ్బుతో బండి కొన్నాడు. ఆ తర్వాతి ఆదివారమే ప్రసంగంలో "జూదరి ఇంట్లో గిన్నె కూడా మిగలదు" అని విన్నాడు. బయట తన బండి నిలబడి ఉంది. ఇక ఆ బోధకుడు చెప్పింది ఏదైనా అతను ఎందుకు నమ్మాలి? తర్వాత అతను నిజంగానే అప్పుల్లో పడ్డాడు, కానీ సలహాకు ఆ బోధకుడి దగ్గరకు మాత్రం వెళ్లలేదు.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. "నీ బిడ్డకు జబ్బు చేసింది నీ ఆట వల్లే" అనడం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి తల్లిదండ్రులా" అని శిష్యులు అడిగితే ప్రభువు ఇద్దరూ కాదన్నాడు, యోహాను 9లో చూడండి. భయపెడితే ఒక నెల మానతాడేమో. భయం తగ్గాక ఆటతో పాటు కోపం కూడా తిరిగి వస్తుంది.

సాక్ష్యాల సంగతి కూడా చెప్పాలి. బెట్టింగ్ మానేసిన ఒక కుర్రాడు యువజన కూటంలో సాక్ష్యం చెప్పబోతుంటే, పెద్దలొకరు "నలభై వేలు అంటే ఎవరికి ఆనుతుంది, నాలుగు లక్షలను" అన్నారట. ఆ కుర్రాడే నాతో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. యోబు తన స్నేహితుల్ని అడిగిన ప్రశ్న ఒకటుంది, 13:7లో: దేవుని పక్షంగా మీరు అన్యాయపు మాటలాడతారా? ఆయన పక్షంగా వంచన మాటలు పలుకుతారా? మంచి పనికోసం అబద్ధం చెప్పేవాళ్లందరికీ అది తగులుతుంది. పౌలు కూడా 2 కొరింథీయులకు 4:2లో, కుయుక్తి మానేసి సత్యాన్ని బయటపెట్టి మనుషుల మనస్సాక్షి ఎదుట నిలబడతామని రాశాడు. వాక్యాన్ని సాగదీసి గెలిస్తే మనం చేసిందీ ఒక రకం మోసమే. మోసం తప్పని చెప్పడానికే కదా బయలుదేరాం.

సరే, మరి నిజంగా చెప్పగలిగిందేమిటి?

నా లెక్కలో అన్నిటికన్నా బలమైన కారణం పొరుగువాడు. కూలి చేస్తే అవతలివాడికి పని జరుగుతుంది, కొట్టు పెడితే సరుకు అందుతుంది. పందెంలో మీ బావగారి చేతికొచ్చిన ప్రతి రూపాయీ ఇంకొకరి జేబులో పోయిన రూపాయే, దానికి బదులుగా ఆ మనిషికి ఏమీ దక్కదు. "వాడు ఇష్టపడే కదా పెట్టాడు" అంటారు. ఓడిపోవాలని ఇష్టపడి ఎవడూ పెట్టడు. పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ డబ్బు వాడకం మీద చేసిన ప్రసంగంలో ఇదే పట్టుకున్నాడు. పొరుగువాణ్ణి ప్రేమించేవాడు జూదంతో అతని ఇల్లూ పొలమూ మింగలేడన్నాడు. ఎఫెసీయులకు 4:28 కూడా తీయండి. దొంగిలించినవాడు ఇకమీదట కష్టపడి పనిచేయాలి, ఎందుకు? అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టడానికి. జూదంలో సొమ్ము నడిచే దారి దీనికి సరిగ్గా ఎదురు.

ఇక్కడ ఆయన "రమ్మీ నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది" అంటారు. కాదనకండి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనంది. అదే తీర్పులో ఇంకో సంగతి కూడా ఉంది. క్లబ్బు యజమాని పందెం మీద లాభం తీసుకుంటున్నాడని రుజువైతే నేరం కావచ్చని. దీన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

అయినా నైపుణ్యం ఉందనే ఒప్పుకుందాం. అప్పుడు నైతికంగా ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. నైపుణ్యం ఉన్నవాడు ఎవరి డబ్బు గెలుస్తాడు? లేనివాడిది. నిన్నగాక మొన్న ఆట నేర్చుకున్న కుర్రాడిది, రాత్రి రెండింటికి తాగి కూర్చున్నవాడిది. "నీ నైపుణ్యం వాళ్ల మీదేనా బావా?" అని అడగొచ్చు. మెల్లిగా, నవ్వుతూ అడగాలి.

రెండో కారణం అబద్ధం, ఇది చాలామందికి తట్టదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలు నడపడం, వాటికి ప్రచారం చేయడం నేరం. (ఆ చట్టం ఆడేవాణ్ణి శిక్షించదు. ఆ చట్టం పేరు చెప్పి "జైల్లో వేస్తారు" అని బెదిరిస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.) మరి మన రాష్ట్రాల్లో ఇన్నాళ్లూ ఎలా ఆడారు? చాలామంది ఫోన్లో లొకేషన్ మార్చి, వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడారు. ఇంట్లో "ఆఫీసు కాల్" అని చెప్పి ఆడారు. జీతం ఆలస్యమైందని భార్యకు చెప్పారు. జూదానికి వచనం లేకపోవచ్చు, అబద్ధానికి వచనాలు కొల్లలు. నా దగ్గరకొచ్చినవాళ్లలో డబ్బు పోయినందుకు ఏడ్చినవాళ్ల కన్నా, ఇంట్లో చెప్పిన అబద్ధాలు తలుచుకుని ఏడ్చినవాళ్లే ఎక్కువ. మీ బావగారు లొకేషన్ మార్చారో లేదో నాకు తెలియదు. మీకూ తెలియదు కాబట్టి నింద వేయకండి, అడగండి.

మూడోది ఇంటి బాధ్యత. స్వకీయులను, ముఖ్యంగా తన ఇంటివాళ్లను సంరక్షించనివాడు విశ్వాసం వదులుకున్నవాడని 1 తిమోతికి 5:8. నాలుగోది బానిసత్వం. "నేను దేనిచేతను లోపరచుకొనబడను" అని 1 కొరింథీయులకు 6:12. ఈ రెండింటికీ పెద్ద వివరణ అక్కర్లేదు, వాటి ముందు నిలబడి తనను తానే కొలుచుకోవచ్చు.

ఇక లెక్క. ఇది బైబిల్లో ఉండదు కానీ చాలామందిని కదిలించేది ఇదే. సమానమైన రెండు జట్లు ఆడుతున్నాయనుకోండి. బుకీ రెండు వైపులా రూపాయికి 90 పైసలు ఇస్తాడనుకోండి. వంద పెట్టి గెలిస్తే 90 వస్తుంది, ఓడితే 100 పోతుంది. సగం సార్లు గెలిచినా, పెట్టిన ప్రతి వందకూ సగటున 5 రూపాయలు బుకీకే పోతాయి. ఎవరూ మోసం చేయకుండానే ఇంత. అప్పుడప్పుడూ గెలిచినవే గుర్తుంటాయి, పోయినవి జారిపోతాయి. మనసు పనిచేసే తీరే అంత. అందుకని వాదించకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. యాప్‌కు పంపినవి ఒక వైపు, యాప్ నుంచి వచ్చినవి ఒక వైపు, ఆయన చేతే రాయించండి. కూడేటప్పుడు మీరు పక్కన లేకపోయినా ఫరవాలేదు.

క్రైస్తవులందరిదీ ఒకే మాటా అంటే, కాదు. ఇదీ దాచొద్దు. నాలుగో శతాబ్దం ఆరంభంలో స్పెయిన్లోని ఎల్విరాలో కూడిన సభ, డబ్బుకు పాచికలాడే విశ్వాసిని ప్రభు బల్లకు దూరం పెట్టాలనీ, మానేసి ఏడాది గడిచాక తిరిగి చేర్చుకోవచ్చనీ తీర్మానించింది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు గట్టిగానే వద్దంటాయి. కతోలిక సంఘం అధికారిక బోధల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథం 2413వ పేరాలో పందేలు వాటంతటవే న్యాయానికి విరుద్ధం కావని ఉంది. మనిషికీ, అతనిపై ఆధారపడ్డవాళ్లకూ అవసరమైనది లాక్కున్నప్పుడు అవి తప్పవుతాయనీ, ఆ వ్యామోహం బానిసత్వంగా మారే ప్రమాదముందనీ ఉంది. నా సొంత అభిప్రాయం అడిగితే, స్నేహితులు టీ డబ్బుల మీద పందెం వేసుకుంటే నేను దాన్ని పాపం అనను. అనకపోవడం వల్లే పెద్ద విషయం దగ్గర నా మాటకు విలువ మిగిలింది. మీ బావగారిది టీ పందెం కాదు, అక్క నగలు తాకట్టులో ఉన్నాయని మీరే రాశారు.

"షేర్లు కూడా జూదమే కదా, మీ సంఘ పెద్దలు పెట్టడం లేదా" అని ఆయన తప్పకుండా అడుగుతారు. కంపెనీలో వాటా కొని ఏళ్ల తరబడి ఉంచుకోవడం వేరు, అందులో సరుకు తయారవుతుంది, లాభం పుడుతుంది. ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న దాని మీద ఒప్పందాలు కొని అమ్మే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో రోజువారీ ఆట మాత్రం పందేనికి చాలా దగ్గర. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అధ్యయనమే చెప్పింది. ఆ పని చేసే పెద్ద మీ సంఘంలో ఉంటే, బావ మాట సబబే అని ఒప్పుకోండి. క్రిస్మస్ విందులో టికెట్లమ్మి ఆడించే తంబోలా గురించి అడిగినా అంతే. నేనైతే నేను ఉన్నచోట దాన్ని ఆపించి, ప్రైజులు ఊరికే పంచమన్నాను. కొందరికి నచ్చలేదు. ఇక "వెయ్యి విత్తితే లక్ష కోస్తావు" అని కానుకలు అడిగే ప్రసంగాలున్నాయి చూశారూ, వాటిని వింటూ పెరిగిన కుర్రాడికి బెట్టింగ్ యాప్ ప్రకటన కొత్తగా అనిపించదు. ఆ ప్రసంగాలు చేసేవాళ్లు జూదం మీద మాట్లాడకపోవడమే మంచిది.

"గెలిస్తే దశమభాగం ఇస్తాను" అని బేరం పెట్టేవాళ్లు కూడా ఉంటారు. నేను తీసుకోను. ఎవరో పోగొట్టుకున్న సొమ్ములో పదో వంతు సంచిలో వేసుకుంటే, మర్నాడు అతనితో మాట్లాడటానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీరు బామ్మర్ది, వయసులో చిన్నవారు. ఆయన మీ ఇంటి అల్లుడు. నలుగురి ముందు బైబిలు తెరిచి తప్పు పడితే ఆయనకు వినిపించేది వాక్యం కాదు, అత్తారింట్లో జరిగిన అవమానం. ఆ రోజు "వచనం చూపించు" అనడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు, ప్రయాణంలోనో పొలం గట్టునో మాట్లాడండి. ముందు అడగండి. ఎలా మొదలైంది? గెలిచినప్పుడు ఎలా ఉంటుంది? ఎప్పుడైనా మానాలనిపించిందా? మీకంటే ఆయన ఎక్కువసేపు మాట్లాడితే పని సవ్యంగా సాగుతున్నట్టు. ప్రార్థన కూడికలో ఆయన పేరు చెప్పి ప్రార్థన అడగకండి. మరుసటి రోజుకు ఊరంతా తెలుస్తుంది, ఆయన గుడికి రావడం మానేస్తారు.

బైబిలు మీద ఒట్టు వేయించకండి. ఒట్టే పెట్టుకోవద్దని మత్తయి 5:34లో ఉంది, అది అలా ఉంచితే, ఈ అలవాటు మానే క్రమంలో చాలామంది మధ్యలో ఒకటి రెండుసార్లు జారతారు. ఒట్టు తప్పినవాడు సిగ్గుతో దాచడం మొదలుపెడతాడు. ఇది ముదిరితే జబ్బే. వైద్యులు మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలతో కలిపి చూస్తారు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరకు వెళ్తే విశ్వాసం తక్కువైందని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. ఆయన నోటి నుంచి చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట గనక వస్తే ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు తీసుకెళ్లండి.

అప్పు మాత్రం మీ నాన్నగారు గుట్టుగా తీర్చేయకుండా చూడండి. అల్లుడి పరువు, కూతురి కాపురం అని మన ఇళ్లలో ముందు చేసేది అదే. ఒకావిడ భర్త బాకీలు పుట్టింటి నుంచి తెచ్చి తీరుస్తూనే ఉండేది, తీరిన ప్రతిసారీ ఆయనకు కొత్త అప్పు పుట్టేది. ఆమె చేతుల్లోకి జీతం కార్డు వచ్చి, యూపీఐ ఆమె ఫోన్లో మాత్రమే ఉండేలా చేసుకున్నాకే అది ఆగింది. ముందు ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద ఆయన చేతే రాయించండి. ఆయన జీతంలోంచే నెలనెలా తీరేలా చూడండి, ఏడాది పట్టినా సరే. అక్క నగల తాకట్టు ఒక్కటి మాత్రం గడువు చూసుకుని ముందు విడిపించండి, అదీ ఆమె చేతికే.

ఆ కాగితంలో లోన్ యాప్‌ల పేర్లు కనిపిస్తే ఇక్కడే కింద రాయండి. వాళ్ల ఫోన్ల బెదిరింపులకు చేయవలసిన పని వేరే ఉంది, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో విడిగా చెబుతాను.